నడచుచున్న ఫారమునకు క్రొత్త గడి: జావా వెబ్ అనువర్తనములలో ధర్మనిర్వచనము

పదసేకరణమునకు పూనుకొను పరిశోధకుడు ఇల్లు వెడలుటకు ముందే ఒక ప్రశ్నపత్రమును సిద్ధపఱచుకొనును. మాట ఏది, ఊరు ఏది, చెప్పినవారెవరు, ఏ అర్థమున చెప్పిరి అని గడులు గీచుకొని ఊరూర తిరిగి వానిని నింపును. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటము, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, వ్యవసాయ పదములకు ఏర్పడినది. 1971లో వెలువడిన రెండవ సంపుటము చేనేత పదములకు ఏర్పడినది. నాగలిని గూర్చి అడుగదగిన ప్రశ్నలు మగ్గమును గూర్చి అడుగుటకు చాలవు. వృత్తి మాఱినచో గడులును మాఱును. కాగితముపై ఇది పెద్ద కష్టము కాదు. అంచున ఒక గీత గీచి క్రొత్త గడిని చేర్చుకొనవచ్చును. అదే పత్రము కంప్యూటరు ఫారమైనప్పుడు దానికి అంచు లేదు. గడి లేని మాటకు చోటును లేదు.

జావా భాషలో వ్రాసిన వెబ్ అనువర్తనమున ఒక ఫారమునకు గల ధర్మములను, అనగా దాని గడుల పేర్లను, రకములను, ఆ అనువర్తనము నడచుచుండగనే నిర్వచించుట ఎట్లు అనునది ఈ వ్యాసమున మేము విచారించు విషయము. అట్లు నిర్వచించు అధికారము ఎవరియందు ఉండవలెననునది దాని వెంట వచ్చు ప్రశ్న. మొదటిది యంత్రమునకు సంబంధించినదిగ తోచినను, రెండవది పూర్తిగ పండితులకు సంబంధించినది. తెలుగు శాఖలలో నేడు పదకోశములకును క్షేత్రపర్యటనములకును ఫారములను సిద్ధము చేయించువారు ప్రోగ్రాము వ్రాయువారు చెప్పినదే నియమమని ఊరకుండుట తగదు. ఆ నియమమెట్లు ఏర్పడునో తెలిసికొన్నచో, తమకు కావలసినదానిని వారు అడిగి చేయించుకొనగలరు.

ఒక ఉదాహరణము

నవీపేట్ నిజామాబాదు జిల్లాలోని ఒక మండలకేంద్రము. నిజామాబాదు నుండి బాసర మీదుగ ముద్‌ఖేడు పోవు రైలుమార్గమున నున్నది. ఒకవైపు గోదావరి, మఱియొకవైపు బోధను ప్రాంతపు కాలువ భూములు. 1923-31 నడుమ మంజీరపై కట్టబడిన నిజాంసాగరము నీరు వచ్చిన పిమ్మట ఈ సీమ చెఱకునకు ప్రసిద్ధి కెక్కినది. బోధను ప్రక్కనున్న శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారము 1937లో ఏర్పడినది. 2015 డిసెంబరులో అక్కడి పని నిలిచిపోయినది. గానుగయు కర్మాగారమును నిలిచినచోట చెఱకు తగ్గును. చెఱకు తగ్గినచోట దాని మాటలు వృద్ధుల నోట మాత్రమే మిగులును. కావున ఇచ్చట పదసేకరణము ఆలస్యమునకు ఓర్చు పని కాదు.

ఒక పరిశోధక విద్యార్థి ఈ సీమకు వచ్చెననుకొందము. అతని చేతి ఫోనులోని ఫారమున మాట, అర్థము, ఊరు, పంట, నాటిన తేది అను అయిదు గడులు కలవు. వరి విషయమున ఇవి చాలును. చెఱకునకు వచ్చునప్పటికి చిక్కు మొదలగును. ముచ్చెలు నాటి పెంచిన తోటకు నాటిన తేది కలదు. దానిని నఱికిన పిదప మోళ్ళ నుండి మరల చిగిర్చిన తోటకు నాటిన తేది యను మాటయే పొసగదు. అడుగవలసినది ముందటి నఱకు తేది. ఆ తోటను పిలక తోట యనువారు కలరు, మొడెము తోట యనువారు కలరు, కార్శి యనువారును కలరు. ఈ భేదమును పట్టుకొనుటయే కదా పదసేకరణపు ప్రయోజనము! పసుపునకు వచ్చినచో కాడి, మండ అను భేదమును, ఉడుకబెట్టుటకు ముందును తరువాతను గల పేర్లును అడుగవలసియుండును. నవీపేట్‌లో శనివారమునాడు జరుగు మేకల సంతకు పోయినచో పంట యను గడియే వ్యర్థము. అచ్చట జీవము వయస్సు ఏండ్లతో గాక పళ్ళతో లెక్కింపబడును. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది అని చెప్పుదురు. ఈ లెక్కకు ఫారమున గడి ఎక్కడిది?

గడి లేనప్పుడు విద్యార్థి చేయునది మనకు తెలిసినదే. అన్నిటిని తెచ్చి అర్థము అను గడిలో కుక్కును. మాట పోలేదు, కాని కావలసినప్పుడు దొరకదు. పళ్ళనుబట్టి వయస్సును చెప్పు ఊళ్ళెన్ని అని రెండేండ్ల తరువాత ఒకరు వెదకినచో ఆ ఫారము మౌనము వహించును. వ్రాసియుండియు దొరకని మాటకును, వ్రాయబడని మాటకును శాస్త్రమున భేదము స్వల్పము.

నిర్వచనము జరుగు మూడు వేళలు

ఫారమును నింపి పంపినప్పుడు బ్రౌజరు నుండి సర్వరునకు చేరునవి పేరు-విలువ జంటలు మాత్రమే. 'పంట' యను పేరునకు 'వరి' యను విలువ. 'నాటిన తేది' యను పేరునకు ఒక తేది. ఆ విలువలన్నియు అక్షరముల వరుసలుగనే వచ్చును. ఇది సంఖ్య, ఇది తేది యను జ్ఞానము వానికి లేదు. ఆ జ్ఞానమునిచ్చునది సర్వరులోని ప్రోగ్రాము. జావాలో ఈ పనికి మొదటినుండి వాడుకలోనున్న సాధనము బీను. బీను అనగా ఒక క్లాసు. అందు ప్రతి గడికి ఒక చరము, దానిని చదువుటకు ఒక పద్ధతి, దానిని మార్చుటకు ఒక పద్ధతి యుండును. పై ఉదాహరణమున అయిదు గడులకు అయిదు చరములు, పది పద్ధతులు.

ఈ పద్ధతియందు నిర్వచనము ప్రోగ్రామును వ్రాయువేళనే ముగియును. దీని గుణము దొడ్డది. పేరును తప్పు వ్రాసినను, తేది యుండవలసినచోట సంఖ్య నుంచినను, కంపైలరు అప్పుడే పట్టుకొనును. దోషమును అంతే స్పష్టము. క్రొత్త గడి కావలసినచో క్లాసును మార్చి, మరల కంపైలు చేసి, అనువర్తనమును మరల సర్వరుపై నిలుపవలెను. నవీపేట్ సంతలో నిలుచున్న విద్యార్థి నగరమునందలి ప్రోగ్రాము రచయితకు వర్తమానము పంపి, అతనికి తీరిక కలుగువఱకు వేచియుండవలెను. ఆలోగ సంత ముగియును.

రెండవ పద్ధతి స్ట్రట్సు అను చట్రముతో ప్రచారమునకు వచ్చినది. క్రెయిగ్ మెక్లనహన్ 2000లో దీనిని ఆరంభించి అపాచీ సంస్థకు అప్పగించెను. 2003లో వెలువడిన 1.1 కూర్పున డైనా యాక్షన్ ఫారం అను సాధనము చేరినది. ఇందు ప్రతి ఫారమునకు వేఱుగ క్లాసు వ్రాయనక్కఱలేదు. ఒక ఎక్స్‌ఎంఎల్ దస్త్రమున ఫారము పేరును, దాని క్రింద ఒక్కొక్క ధర్మము పేరు, రకము, తొలి విలువలను వ్రాసినచో చాలును. ఆ పేర్లతో బీనువలె ప్రవర్తించు వస్తువును చట్రమే పుట్టించును. పది పద్ధతులకు మాఱుగ పేరునిచ్చి విలువను తెచ్చుకొనుట, పేరునిచ్చి విలువను నిలుపుట అను రెండే పద్ధతులు మిగిలినవి. నిర్వచింపబడని పేరుతో అడిగినచో ఆ వస్తువు దోషమని తెలుపును.

ఇచ్చట పేరునుబట్టి మోసపోరాదు. 'డైనా' యనగా చలనశీలమని అర్థము. కావున ఈ ఫారము నడచువేళ మాఱునని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఆ దస్త్రమును అనువర్తనము ఆరంభమగునప్పుడు ఒక్కమాఱు చదువును. చదివిన వెంటనే ఆ అమరికను గడ్డకట్టించును. తరువాత దానిని మార్చబోయినచో చట్రము సమ్మతింపదు. నిర్వచనము వ్రాయువేళనుండి ఆరంభవేళకు జరిగినది, నడచువేళకు రాలేదు. క్లాసు వ్రాయు శ్రమ తప్పినదే కాని, అనువర్తనమును ఆపి మరల నడుపు అవసరము తప్పలేదు. సంతలోని విద్యార్థికి ఇదియు చాలదు.

మూడవ పద్ధతియే నిజముగ నడచువేళకు చెందినది. అపాచీవారి బీన్‌యుటిల్స్ గ్రంథాలయమున లేజీ డైనా బీన్ అను వస్తువు కలదు. దానికి ముందుగ ఏ ధర్మమును చెప్పనక్కఱలేదు. లేని పేరునకు విలువనిచ్చినచో ఆ పేరుతో ధర్మమును అప్పటికప్పుడు కల్పించుకొనును. లేని పేరును అడిగినచో దోషము చెప్పక, శూన్యమును తిరిగి యిచ్చును. ఇట్టి వస్తువునకు ఎన్ని గడులనైన చేర్చవచ్చును. ఎవరి యనుమతియు అక్కఱలేదు. మొదటి చూపునకు ఇదియే మన చిక్కునకు పరిష్కారమని తోచును.

అడిగినదెల్ల ఒప్పుకొనుటలోని ప్రమాదము

ఈ ఔదార్యమున రెండు ప్రమాదములు దాగియున్నవి. మొదటిది భాషకు సంబంధించినది. ఒక విద్యార్థి గడిపేరును 'చెఱకు రకము' అని శకటరేఫముతో వ్రాసెను. రెండవవాడు 'చెరకు రకము' అని సాధురేఫముతో వ్రాసెను. మూడవవాడు ఊరివారి పలుకుబడినిబట్టి 'చెరుకు రకము' అనెను. తెలుగు చదివినవారికి మూడును ఒకటియే. యంత్రమునకు మూడును మూడు ధర్మములు, ఏలయన అది అక్షరములను పోల్చునే కాని అర్థమును పోల్పదు. రెండు మాటల నడుమ ఒక ఖాళీ ఎక్కువైనను వేఱు ధర్మమే యగును. పదిమంది ఆఱునెలలు తిరిగినచో ఒక్క విషయమే పది పేర్లతో చీలిపోవును. గడి లేక మాట దొరకకపోవుట ఒక నష్టము. గడులెక్కువై మాట చెదరిపోవుట అంతకు తక్కువ కాని నష్టము.

రెండవది రక్షణకు సంబంధించినది. గడుల పేర్లను ఫారము నింపువారి బ్రౌజరు పంపును. పంపువారందఱు సజ్జనులు కానక్కఱలేదు. మన ఫారమున లేని పేరును ఎవరైన చేర్చి పంపవచ్చును. పదమును పరిశీలించి ఆమోదించితిమని సంపాదకులు గుర్తుపెట్టు ధర్మమొకటి ఆ వస్తువునందే యున్నచో, ఎవడో ఆ పేరుతోనే విలువను పంపి తన మాటను తానే ఆమోదించుకొనగలడు. పేర్లను వచ్చినవి వచ్చినట్లు గ్రహించు అలవాటు ఎంత దూరము పోవునో 2014లో బయటపడిన స్ట్రట్సు 1 లోపము తెలిపినది. జావాలో ప్రతి వస్తువునకు తన క్లాసును చెప్పు ధర్మము పుట్టుకతో వచ్చును. ఆ పేరును ప్రోగ్రాము రచయిత వ్రాయలేదు, ఫారమున చూపలేదు. ఐనను దానిని ఆధారము చేసికొని, ఒక పేరునుండి మఱియొక పేరునకు ప్రాకి, క్లాసులను తెచ్చు యంత్రాంగము వఱకు పరులు చేరుటకు దారి యేర్పడినది. ఈ జాతికే చెందిన లోపము 2022 మార్చిలో స్ప్రింగ్ అను ప్రసిద్ధ చట్రమునను వెల్లడియైనది. రెండింటి పాఠము ఒక్కటియే: బయటినుండి వచ్చిన పేరు ప్రార్థన మాత్రమే, నిర్వచనము కాదు. మొదటి లోపము స్థిరముగ వ్రాసిన బీనులకును వర్తించినది. కావున గడులను ముందే వ్రాసితిమను ధైర్యమొక్కటియే రక్ష కాదు. ఒప్పుకొనదగిన పేర్లేవో స్పష్టముగ చెప్పి, తక్కినవానిని త్రోసివేయుటయే రక్ష.

నిర్వచనమే ఒక లేఖ్యము

కావున మనము కోరవలసినది నడుమనున్న నాలుగవ పద్ధతి. ఇందు గడుల నిర్వచనములు క్లాసునందును ఉండవు, ఎక్స్‌ఎంఎల్ దస్త్రమునందును ఉండవు. పదములవలెనే అవియు దత్తాంశనిధిలో ఒక పట్టికగ నుండును. ఆ పట్టికలో ప్రతి ధర్మమునకు ఒక వరుస. అందు మార్పులేని సంఖ్య యొకటి, తెరపై కనబడు తెలుగు పేరు, విలువ రకము, తప్పనిసరియా కాదా యను గుర్తు, ఏ వర్గమునకు చెందినదో ఆ వివరము, అమలులోనికి వచ్చిన తేది, చేర్చినవారి గుర్తు ఉండవలెను. వరి, చెఱకు, పసుపు, జీవములు అనునవి మన ఉదాహరణమున వర్గములు.

విద్యార్థి 'జీవములు' అను వర్గమును ఎన్నుకొన్నప్పుడు సర్వరు ఆ పట్టికను చదివి, అందలి గడులతో ఫారమును చిత్రించి పంపును. నింపిన ఫారము తిరిగి వచ్చినప్పుడు ఆ పట్టికనే మరల చదివి, అందలి ధర్మములతో డైనా క్లాసును అప్పటికప్పుడు నిర్మించి, దానినుండి ఒక వస్తువును పుట్టించును. లేజీ జాతి క్లాసునే వాడదలచినచో, కావలసిన ధర్మములను చేర్చిన పిమ్మట దానికి కట్టుబాటు విధించి, ఇక క్రొత్తవి చేరకుండ మూయవచ్చును. అందులకు తగిన ఏర్పాటు దానియందే కలదు. స్ట్రట్సు 1 నకు ఆదరణము 2013లో ముగిసినది గనుక నేడు క్రొత్తగ కట్టువారు ఆ చట్రమును ఎన్నుకొనరాదు. పేరునకు విలువను జతపఱచు మ్యాప్ అను సామాన్య వస్తువుతోనే ఈ పనియంతయు నెఱవేఱును. సాధనము మాఱినను సూత్రము మాఱదు.

ఆ సూత్రమిది: ప్రోగ్రాము తన గడులను లెక్కించునప్పుడు వచ్చిన పేర్ల వెంట నడువక, ఉన్న నిర్వచనముల వెంట నడువవలెను. నిర్వచనముల పట్టికలో మొదటి ధర్మమును తీసికొని, ఆ పేరుతో విలువ వచ్చినదా యని చూచి, రకమును సరిచూచి, నిలుపవలెను. తరువాత రెండవదానికి పోవలెను. పట్టికలో లేని పేరు ఎంత బిగ్గఱగ పిలిచినను వినబడదు. ఇట్లు చేసినచో గడులను ఎప్పుడైన చేర్చవచ్చును. ఐనను ఎవరుపడినవారు చేర్చలేరు. చెఱకు, చెరకు, చెరుకు అను చిక్కును తగ్గును. యంత్రము గుర్తించునది సంఖ్యను. తెలుగు పేరు కన్నులకొఱకు మాత్రమే. పేరును తరువాత దిద్దినను పాత విలువలు చెదరవు.

తేది ఏల కావలెను

పై పట్టికలో అమలు తేది యని యొక గడిని చేర్చితిమి. పరిశోధకులకు మిక్కిలి ముఖ్యమైనది అదియే. 'పళ్ళనుబట్టి వయస్సు' అను గడి జూన్ నెలలో చేరినదనుకొందము. అంతకు ముందు చూచిన ఊళ్ళ లేఖ్యములలో ఆ గడి ఖాళీగనే యుండును. ఆ ఖాళీకి అర్థమేమి? ఆ ఊళ్ళలో అట్టి లెక్క లేదనియా? కాదు, అచ్చట ఆ ప్రశ్నను అడుగనేలేదు. ఖాళీకి మూడు అర్థములు కలవు: అడుగలేదు, అడిగిన తెలియదనిరి, అడిగిన లేదనిరి. కాగితపు ప్రశ్నపత్రమున అంచునగల గీత ఈ భేదమును తనంత తానే చూపును. కంప్యూటరున దానిని మనము చెప్పి పెట్టవలెను. లేజీ బీను లేని ధర్మమునకును, విలువలేని ధర్మమునకును శూన్యమునే యిచ్చుననుట ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. తేది లేని నిర్వచనములతో మాండలిక పటమును గీచినచో, అది మాటల సరిహద్దులను గాక ఫారము మార్పుల సరిహద్దులను చూపును. చూచువారు దానిని భాషాసత్యమని నమ్ముదురు.

ఇందుండి మఱి మూడు నియమములు తేలుచున్నవి. ఒకటి, వాడుకలోనికి వచ్చిన ధర్మమును తుడిచివేయరాదు; ఇక అడుగవలదని తేది వేసి విరమింపజేయవలెను. రెండు, ధర్మము అర్థమునుగాని రకమునుగాని మార్చరాదు. మార్పు కావలసినచో క్రొత్త సంఖ్యతో క్రొత్త ధర్మమును చేర్చవలెను. నాటిన తేది యను గడినే చెఱకు పిలక తోటలకు నఱకు తేదిగ వాడుకొనుమనుట ఈ నియమమునకు విరుద్ధము. మూడు, ప్రతి లేఖ్యము తాను ఏ కూర్పు నిర్వచనములతో నింపబడినదో ఆ గుర్తును మోయవలెను. విద్యార్థి ఉదయమున తెఱచిన ఫారమును సాయంకాలము పంపవచ్చును. ఆ నడుమ గడులు మాఱియుండవచ్చును. అప్పుడు ప్రోగ్రాము ఉదయపు నిర్వచనములతోనే దానిని సరిచూడవలెను. లేనియెడల ఉదయమున లేని ప్రశ్నకు జవాబేదని సాయంకాలము నిందించినట్లగును.

ఈ పద్ధతికి వెల లేకపోలేదు. కంపైలరు చేయు కాపు ఇచ్చట లేదు. దాని పనిని మనమే పరీక్షలతో చేయవలెను. విలువలు ధర్మమునకు ఒక వరుసగ చీలియున్నచో వెదకుట నెమ్మదించును. కావున అన్ని లేఖ్యములకు తప్పనివి, అనగా మాట, ఊరు, చెప్పినవారి వివరము మున్నగునవి, స్థిరమైన బీనులోనే యుంచి, వర్గమునుబట్టి మాఱునవి మాత్రమే నడచువేళ నిర్వచించుట మేలు. మాఱనిదానిని మాఱునట్లు కట్టుట వృథాశ్రమ.

లక్షణమును, శేషమును

ఈ విషయము మన వ్యాకరణచరిత్రకు క్రొత్త కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అందలి సూత్రములకు అందక మిగిలిన ప్రయోగములు కావ్యములలో ఎన్నియో కలవు. ఆ ప్రయోగములను కాదని త్రోసివేయుట ఒక దారి. సూత్రములనే విడిచి ఏ ప్రయోగమునైన ఒప్పుకొనుట మఱియొక దారి. బహుజనపల్లి సీతారామాచార్యులు ఈ రెండును పట్టక, 1885లో ప్రౌఢవ్యాకరణమును రచించిరి. దానికి త్రిలింగ లక్షణశేషమని మఱియొక పేరు. ముందటి లక్షణమును నిలిపి, మిగిలిన లక్ష్యమునకు సూత్రములు చేర్చి, అవి తరువాత చేరినవని పేరులోనే తెలుపుట దాని పద్ధతి. మొదటి బీను శేషము లేని లక్షణము. లేజీ బీను లక్షణము లేని లక్ష్యము. నిర్వచనముల పట్టిక లక్షణశేషము.

శేషమును వ్రాయువారెవరు? క్షేత్రమున నున్న విద్యార్థి క్రొత్త గడిని ప్రతిపాదింపవలెను, ఏలయన లక్ష్యమును చూచినవాడు అతడే. ఆ ప్రతిపాదనము వెంటనే అతని ఫారమున తాత్కాలికముగ వాడుకలోనికి రావలెను. సంత ముగియువఱకు ఆగరాదు. సంపాదకులు దానిని పరిశీలించి, ముందే యున్న ధర్మముతో ఒకటియైనచో కలిపి, కానిచో స్థిరపఱుపవలెను. ప్రోగ్రాము రచయిత ఈ రాకపోకలకు దారి వేయువాడే కాని, ఏ మాటకు గడి యుండవలెనో తేల్చువాడు కాడు. నిర్వచనమును నడచువేళకు జరుపుటలోని మేలు ఇదియే: నిర్వచనము తొలగిపోదు, దానిని చేయవలసినవారి చేతికి వచ్చును. అట్లు వచ్చినదానిని తేదితోను, చేర్చినవారి గుర్తుతోను వ్రాసియుంచినచో, బోధను సీమ చెఱకు మాటలను రేపు వెదకువారికి మాటలతోపాటు వానిని మనమడిగిన తీరును దొరకును.